పత్తి ట్రాలీ దగ్గర పేరెంట్స్ మీటింగు

మా అన్న కూతురికి ఈ మధ్యనే టీచరు ఉద్యోగం వచ్చింది. భూపాలపల్లి జిల్లా ఘనపూర్ మండలంలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల. చేరి నెల తిరక్కుండానే ఫోన్ చేసి ఏడుపు గొంతుతో మాట్లాడింది. "అత్తా, పేరెంట్స్ మీటింగ్ ఉన్నదని ఇంటింటికి చీటీలు పంపిన. కుర్చీలు తెప్పిచ్చిన, చాయ్ పెట్టిచ్చిన. ఒక్కలంటే ఒక్కలు రాలే. వీళ్లకు పిల్లల మీద సోయే లేదా ఏంది?"

నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, ఆ ప్రశ్న మీద. ముప్పై ఏళ్లకు పైగా జనగామ, మహబూబాబాద్ చుట్టుపక్కల బడుల్లో పనిచేశాను. టీచర్లు నలుగురు కూర్చున్న ప్రతిచోటా ఈ మాట విన్నాను. తెల్లవారగానే కూలికి వెళ్లే మనిషిని పదకొండు గంటలకు బడికి రమ్మంటాం. రాకపోతే పిల్లల మీద ప్రేమ లేదంటాం. ఆ మనిషి కూలి మానుకుని వస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి మీద ఏం పెడుతుందో మాత్రం అడగం.

ఫోన్లో తెగే ముచ్చట కాదని రాయడానికి కూర్చున్నాను. నా ప్రమోషన్ల గురించి, నేను నింపిన రిజిస్టర్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటి వల్ల నేను నేర్చుకున్నదీ ఏమీ లేదు. ఒక తండా బడి గురించి రాస్తాను. ఇంటికీ బడికీ మధ్య ఏం నడవాలో నాకు తెలిసింది అక్కడే.

బర్రె ముచ్చట చెప్పే సారు

తండా కంటే ముందు నా మొదటి హెడ్మాస్టరు గురించి రెండు మాటలు చెప్పాలి. జఫర్‌గఢ్ మండలంలో నా మొదటి ఉద్యోగం. అక్కడి హెడ్మాస్టరు బడి వదలగానే సైకిలెక్కి ఎవరో ఒక పిల్లవాడి ఇంటికి పోయేవాడు. ఒకటి రెండుసార్లు నన్నూ రమ్మన్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని బర్రె ఎన్ని పాలిస్తోందో, బోరులో నీళ్లున్నాయో లేదో అడిగి, చాయ్ తాగి, లేవబోతూ "మీ పోరడు లెక్కలల్ల హుషారున్నడు" అని ఒక్క మాట అనేసి బయల్దేరేవాడు.

"సార్, పొద్దుగూకేదాకా బర్రె గురించి మాట్లాడిన్రు. పిల్లగాని గురించి ఒక్క మాటేనా?" అని అడిగాను దారిలో.

"ఆ ఒక్క మాట ఇయ్యాల రాత్రి ఇంటిల్లిపాది చెప్పుకుంటరు. నేను గంట చెప్తే మర్సిపోతరు" అన్నాడు.

బోర్డు ముందు ఆయన గొప్ప టీచరేమీ కాదు. మధ్యాహ్నం ఎక్కాలు చెప్పిస్తూ కునుకు తీసేవాడు. ఆ మాట కూడా దాచను. అయినా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ బడిలో పిల్లలు తగ్గలేదు. తర్వాత వచ్చిన ఇంకో సారు పాఠం బ్రహ్మాండంగా చెప్పేవాడు, తల్లిదండ్రుల్ని మాత్రం ఫొటో కోసమే పిలిచేవాడు. ఫొటో కాగానే "ఇగ మీరు పోవచ్చు" అనేవాడు. రెండోసారి పిలిస్తే ఫొటోకు కూడా ఎవరూ రాలేదు.

మైకులో పిలిచిన పేరు

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట ఊపు మీదున్న రోజుల్లో నన్ను కొడకండ్ల మండలంలోని ఒక తండా బడికి హెడ్మాస్టరుగా వేశారు. ఒకటిన్నర గది, ఒక వరండా, ఇద్దరు టీచర్లం. రెండో టీచరు యాదగిరి సారు వయసులో చిన్నవాడు. మంచి గొంతు, ఉద్యమమంటే ప్రాణం. తండాలో అందరూ లంబాడీ కుటుంబాల వాళ్లే. ఇళ్లల్లో వాళ్ల భాష, మాతో తెలుగు. తండాకూ పక్క ఊరికీ మధ్య ఒక వాగు ఉంది. వానలు పడితే పెద్దవాళ్లే చేతులు పట్టుకుని దాటుతారు.

చేరిన రోజే మండల విద్యాధికారి పిలిచి సంగతి చెప్పారు. "అమ్మా, మీ బడిల పిల్లలు తగ్గిన్రు. ఇరవై మంది లేని బడిని పక్క ఊరి బడిల కలుపుమంటున్నరు. నేను లెక్కకు వచ్చిన్నాడు ఇరవై మంది కనవడకపోతే నా చేతుల ఏం ఉండదు."

ఆయనకు కలపడమంటే కాగితం మీద ఒక గీత. తండాకు అది వాగు. ఆరేళ్ల పిల్లను ఎవరూ వాగు దాటించి పంపరు. ఏడాది రెండేళ్లు ఇంట్లో కూర్చున్న పిల్ల మళ్లీ బడి ముఖం చూడదు, పత్తి చేనుకే పోతుంది. ఏమైనా సరే ఈ బడి తండాలోనే ఉండాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

హాజరు పట్టీలో ముప్పై దాకా పేర్లున్నాయి. తరగతిలో పదిహేను మంది కూడా లేరు. కారణం పిల్లలే చెప్పారు. నాకు ముందున్న హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. పిల్లలు రావడం లేదని బెంగపడి ఆటోకు మైకు కట్టించి, పిల్లల్ని బడికి పంపని తండ్రుల పేర్లు తండా మధ్యలో నిలబడి చదివాడు. సిగ్గుపడి పంపుతారని ఆయన ఆలోచన. ఆ తండాలో కట్టుబాటు వేరు. తండా పెద్ద నాయక్ ఇంటి ముందు నలుగురిలో ఒకరి పేరు గట్టిగా పిలిచారంటే ఆ మనిషి తప్పు చేశాడని, దండుగ కట్టాలని అర్థం. దొంగతనమో కొట్లాటో అయితే తప్ప అలా పిలవరు. మైకులో పిలిచిన పేర్లలో లచ్చిరాం పేరు కూడా ఉంది. ఆ రోజుల్లో అతని కూతురు సరోజ జ్వరంతో జనగామ దవాఖానలో పడుకుని ఉంది.

లచ్చిరాం భార్య మంగ్లి. ముప్పై ఏళ్లుంటాయి, పత్తి ఏరే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. ఎవరు ఏ చేనుకు పోవాలో, ట్రాలీలో ఎవరు ఎక్కాలో ఆమె చెబుతుంది. ఆమె తన ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించింది, ఆమెను చూసి మరికొందరు మాన్పించారు. ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. కూర్చోమనలేదు. వాకిట్లో నిలబడే మాట్లాడాను.

"మా ఆయన ఏం దొంగతనం జేసిండని మైకుల పేరు పిలిచిన్రు టీచరమ్మా?" అంది.

"తప్పే జరిగింది చెల్లె. ఆ సారు పోయిండు. బడి తరఫున నేను మాఫీ అడుగుతున్న."

"పేరు అందరి ముంగట పిలిచిన్రు. మాఫీ నా వాకిట్ల అడుగుతవా?"

"మరి యాడ అడగాలె?" అన్నాను.

"పొద్దుగాల ట్రాలీ కాడికి రా. అందరం ఆడనే ఉంటం."

డ్రైవరు బీడీ అయ్యేదాకా

కొడకండ్లలో నేను అద్దెకుండే గది నుంచి మర్నాడు చీకటి విడుస్తుండగానే స్కూటీ మీద బయల్దేరాను. తండా మొదట్లో ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు సద్దిమూటలతో ఎక్కుతున్నారు. నేను వాళ్ల ముందు నిలబడి, లచ్చిరాం తప్పేమీ చేయలేదని, ఆ రోజు పేరు పిలవడం బడి చేసిన తప్పని అందరూ వినేలా చెప్పాను. లచ్చిరాం తల తిప్పుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

డ్రైవరు ఇంకా బీడీ కాలుస్తూనే ఉన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఊరికే నిలబడలేక, "వాల్యా కొడుకు నిన్న కథల పుస్తకం మొత్తం సదివిండు. సోమ్లా బిడ్డ కాగితంతోటి పడవలు జేసి అందరికి పంచింది" అని చెప్పాను. ట్రాలీలో ఎవరో నవ్వారు. "మా పోరడా? పుస్తకం మొత్తమా?" అని వాల్యా రెండుసార్లు అడిగాడు. బీడీ అయిపోయింది, ట్రాలీ కదిలింది.

నా ఉద్యోగంలో నేను పెట్టిన మొదటి అసలైన పేరెంట్స్ మీటింగు అది. కుర్చీ లేదు, చాయ్ లేదు, సంతకం లేదు. రెండు రోజుల తర్వాత సరోజ తమ్ముడి చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది.

అప్పటి నుంచి వారంలో రెండు మూడుసార్లు ట్రాలీ దగ్గరికి పోయేదాన్ని. కొత్తగా చేరే టీచర్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నలుగురిలో పిల్లవాడి గురించి మంచే చెప్పాలి. కష్టమైన మాట ఉంటే ఇంటికి పోయి, వాకిలి లోపల చెప్పాలి. రాని పిల్లల పేరు ట్రాలీ దగ్గర ఏనాడూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు నాకు ఇంకో సంగతి తెలిసింది. బడి ముచ్చట్లు రెండు నిమిషాలు వింటారు, ఆ తర్వాత వాళ్లు అడిగేవి వేరే ఉంటాయి. రేపు బస్సు నడుస్తుందా? చౌక దుకాణంలో బియ్యం ఎప్పుడు ఇస్తారు? నర్సమ్మ సూదులు వేయడానికి ఏ రోజు వస్తుంది? జనగామ మార్కెట్లో పత్తి కొంటున్నారా, బందు పెట్టారా? ఉద్యమం రోజులు కాబట్టి నిన్న ఉన్నది ఇవాళ ఉండేది కాదు. తండాకు పేపరు రాదు. ఊళ్లో ఎవరో చెప్పింది ఇక్కడికి వచ్చేసరికి ఇంకోలా మారేది. మార్కెట్ బందు అని తెలియక ఒకతను పత్తి బస్తాలతో జనగామ దాకా పోయి, ఎడ్లబండిని ఉన్నపళంగా తిప్పుకుని వచ్చాడు.

అందుకని బడి బయటి గోడకు ఒక నల్లబల్ల వేయించాను. సాయంత్రం బడి వదిలే ముందు నాలుగు, అయిదు తరగతుల పిల్లలు తండాకు కావాల్సిన నాలుగు వార్తలు అడిగి తెలుసుకుని దాని మీద రాసేవారు. పొద్దున ట్రాలీ దగ్గర ఒకరు వాటిని తమ భాషలో చెప్పేవారు. ఆ పనిలో సరోజను మించినవాళ్లు లేరు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్క వార్త చెప్పి, అర్థమైందా అన్నట్టు అందరినీ చూసి, అప్పుడు రెండోది చెప్పేది. మంగ్లి ట్రాలీలో కూర్చుని కూతురి వైపు చూడనట్టే నటించేది.

విద్యాధికారి ఒకసారి వచ్చి ఆ నల్లబల్ల చదివారు. 'రేపు బస్సులు నడువయ్. దవాఖానకు పోయేటోల్లు ఇయ్యాలనే పోన్రి' అని పిల్లలు రాశారు.

"ఇదేం భాషమ్మా? పుస్తకంల గిట్లనే ఉంటదా?" అన్నారు.

"వార్త మీకు అర్థమైంది గద సార్" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ఏడాది చివరికి పట్టీలో పేర్లున్న పిల్లల్లో చాలామంది బడికి రాసాగారు. ఇక లెక్కకు భయం లేదనుకున్నాను.

సమ్మె

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు, బస్సులు, బొగ్గు గనులు అన్నీ ఆగిపోయాయి. టీచర్లమూ దిగాం. నేను ఇష్టంతోనే దిగాను. ఎవరో బలవంతం చేస్తే కాదు. మా యాసను సినిమాల్లో ఎగతాళికి వాడుకునే రోజులు చూసిన మనిషిని. మా పిల్లలు చదువుకుని ఉద్యోగాలు అడిగినప్పుడు ఏం జరిగిందో చూశాను. బడికి తాళం వేసి, తాళంచెవి బీరువాలో పెట్టి, మండల కేంద్రంలో టెంటు కింద కూర్చున్నాను.

వారం తిరిగేసరికి తండా నుంచి లచ్చిరాం వచ్చి టెంటు బయట నిలబడ్డాడు. "టీచరమ్మా, కూలీల మేస్త్రీ లారీ తెస్తుండు. కృష్ణ అవుతలికి పత్తి ఏరవోవుడు. పిల్లలను గూడ తోలుకపోతమంటున్నరు సగం మంది."

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. బడి నడిస్తే పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు, మధ్యాహ్నం బడిలో తింటారు. బడి లేదు, మధ్యాహ్నం బువ్వ లేదు. పిల్లల్ని ఎవరి మీద వదిలిపోతారు? లారీ ఎక్కిన పిల్ల పత్తి అయిపోయేదాకా రాదు. సమ్మె అయ్యాక అధికారి లెక్కకు వస్తే బడిలో ఎవరుంటారు?

తండా వాళ్లు పగలు టెంటు కింద నినాదాలిచ్చి, మర్నాడు ఆంధ్రకే కూలికి పోతున్నారేమని మా వాళ్లలో ఒకాయన ఎగతాళి చేశాడు. ఆయనకు గట్టిగానే చెప్పాను. కడుపు కోసం పోయే మనిషిని ఎగతాళి చేసే హక్కు నెల జీతగాళ్లమైన మనకెవరికీ లేదని.

మర్నాడు పొద్దున్నే తండాకు పోయాను. ట్రాలీ పక్కనే లారీ ఉంది. మేస్త్రీ టైరు మీద కాలు పెట్టి మాట్లాడుతున్నాడు. "బడి బందే గద. ఇంట్ల కూసుండవెట్టి ఏం జేస్తరు? పదేండ్ల పొల్ల గూడ పత్తి ఏరుతది. తోలుకరాన్రి."

నేను మంగ్లిని చూసి మాట్లాడాను. "పెద్దోళ్లు పోన్రి, వద్దనను. పిల్లలను ఈడనే ఉంచున్రి. నేను జూసుకుంట."

"బడికి తాళమేసి ఎట్ల జూసుకుంటవ్?" అంది మంగ్లి.

"తాళం తియ్యను. సమ్మె సమ్మెనే. గాని, బయట కూసోవెట్టి సదువు చెప్త. బువ్వ గూడ ఆడనే."

"ఎన్ని దినాలు?"

"సమ్మె అయ్యేదాక."

"సమ్మె ఎప్పుడైతది?"

"నాకు తెల్వది."

నాకు నిజంగానే తెలియదు, తెలిసినట్టు చెప్పడం ఇష్టం లేదు. మంగ్లి మేస్త్రీ వైపు తిరిగి, "నా పిల్లలను ఇయ్యను. నేను గూడ రాను, ఈడి చేన్లు నాకు సాలు" అంది. ఆమె అలా అన్నాక చాలామంది పిల్లల్ని లారీ నుంచి దించారు. మూడు కుటుంబాలు మాత్రం పిల్లలతో పాటే వెళ్లిపోయాయి. వాళ్ల ఇళ్లల్లో ముసలివాళ్లు లేరు. వాళ్లను నేనేమీ అనలేకపోయాను.

రోడ్డు మీద బువ్వ

తండా దారి మెయిన్ రోడ్డును కలిసే చోట టెంటు వేయిద్దామన్నాను. అందరికంటే ముందు యాదగిరి సారే అడ్డం తిరిగాడు.

"మేడం, సమ్మెల ఉండుకుంట పాఠాలు చెప్తే సమ్మె ఇడిచినట్టే. రేపు నలుగురు మన మొకాన ఊంచుతరు."

"బడి తాళం ఎవలన్న తీసిన్రా? బడి బందే. రోడ్డు మీద వంటావార్పు జేస్తలేమా? గిది గూడ గంతే. తండా పిల్లలు రోడ్డు మీద కూసోని తింటరు, తెలంగాణ వచ్చేదాక మా బడి రోడ్డు మీదనే అని చెప్తరు. నువ్వు పాట పాడు, నేను లెక్కలు చెప్త."

"పాటలల్ల ఎక్కాలు గూడ వెట్టొచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఆ టెంటుకు నాకంటే ముందే వచ్చేవాడు. రోడ్డున పోయే సంఘాల వాళ్లు మమ్మల్ని చూసి మెచ్చుకునేవారు. సమ్మె విరిచారని ఒక్కరూ అనలేదు.

వంట సంగతి తండా ముసలమ్మలు పట్టుకున్నారు. ఇంటికి పిడికెడు బియ్యం, ఎవరి ఇంట్లో పండింది వాళ్లు తెచ్చేవారు. ఒకరోజు పప్పు, ఒకరోజు గోంగూర, ఒకరోజు ఉప్పూ కారమే. పిల్లలు రోడ్డు పక్కన వరసగా కూర్చుని తినేవారు. యాదగిరి సారు రోజూ బండి మీద పేపరు తెచ్చేవాడు. సరోజ టెంటు కింద నిలబడి రోడ్డున పోయేవాళ్లు ఆగి వినేలా చదివేది. కరెంటు లేక, బస్సు లేక, ఫోన్ చార్జింగ్ కూడా లేని రోజుల్లో చుట్టుపక్కల మూడు తండాలకు వార్త మా పిల్లల నోటి నుంచే చేరింది. సాయంత్రం పిల్లలు ఇంటికి పోగానే తల్లులు అడిగే మొదటి మాట, "ఇయ్యాల ఏం సదివిన్రు?" అని. ఈ మాట కోసం నేను అన్నేళ్లు మీటింగులు పెట్టాను. ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు అడగకుండానే వచ్చింది. ఆ రోజుల్లో నాకు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

కష్టమైన రోజులూ ఉన్నాయి. వాన పడితే టెంటు కారేది. బియ్యం తక్కువపడితే ముసలమ్మలు తినకుండా పిల్లలకు పెట్టేవారు. ఇద్దరు పిల్లలకు విషజ్వరం వచ్చింది. బస్సులు లేవు, యాదగిరి సారు ఒకరిని ముందు, ఒకరిని వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అప్పుడు మాత్రం, లేనిపోనిది నెత్తికెత్తుకున్నానా అని భయపడ్డాను. మంగ్లి ఆ సాయంత్రం చేను నుంచి నేరుగా టెంటు దగ్గరికి వచ్చి, "ఇండ్ల ఉన్నా జ్వరమొస్తది టీచరమ్మా, పరేషాన్ గాకు" అని చెప్పి పోయింది.

లెక్క

సమ్మె ఆగింది. రాష్ట్రం అప్పుడే రాలేదు, ఆ కథ అందరికీ తెలిసిందే. బడి తాళం తీసి గదులు ఊడ్చుకున్నాం. మర్నాడే యాదగిరి సారు మండల ఆఫీసు నుంచి కబురు తెచ్చాడు, రేపు అధికారి లెక్కకు వస్తున్నారని. మూడు కుటుంబాల పిల్లలు ఇంకా కృష్ణ అవతలే ఉన్నారు. జ్వరం పిల్లలు లేవలేదు. ఇద్దరు ముగ్గురు తాతల ఊళ్లకు పోయారు. వేళ్ల మీద లెక్క చూసుకుంటే పద్దెనిమిదికి మించడం లేదు.

సాయంత్రం పిల్లలు నల్లబల్ల మీద వార్తలు రాస్తుంటే సరోజ వచ్చి, "టీచర్, పెద్దసారు లెక్కకు వస్తడన్నది గూడ రాద్దామా?" అని అడిగింది. ఆ రాతతో కూలివాళ్లను భయపెట్టడమెందుకని నేను తటపటాయించాను. ఆ పిల్లే మళ్లీ అంది. "తండాకు కావాల్సినయే రాయాలె అన్నరు గద." ఇక అడ్డు చెప్పలేదు. రాసింది. 'రేపు పెద్దసారు బడికి వస్తడు. పిల్లలు ఇరవై మంది లేకపోతే బడి వాగు అవుతలికి పోతది.'

మర్నాడు పొద్దున ట్రాలీ దగ్గర ఆ వార్తే మొదట చెప్పింది. నేను ఏమీ అడగలేదు. ఒకరోజు కూలి మానుకోమని అడిగే ధైర్యం నాకు లేదు. బడికి వచ్చి పిల్లల్ని కూర్చోబెడుతుండగా బయట అలికిడి అయింది. మంగ్లి ముందు, ఆమె వెనక గుంపులోని ఆడవాళ్లందరూ సద్దిమూటలతో లోపలికి వచ్చి పిల్లల వెనకాల గోడ పొడవునా కింద కూర్చున్నారు. ట్రాలీ ఖాళీగా తిరిగిపోయిందని తర్వాత తెలిసింది.

పదింటికి అధికారి వచ్చారు. పిల్లల్ని లెక్కపెట్టారు. పద్దెనిమిది. రెండోసారి లెక్కపెట్టారు. అదే వచ్చింది. ఆయన ముఖంలో సంతోషం ఏమీ లేదు, అది నేను చెప్పాలి. "టీచరమ్మా, నేను ముందే చెప్పిన" అని మెల్లగా అన్నారు. తర్వాత గోడ దగ్గర కూర్చున్నవాళ్లను చూసి, "వీళ్లెందుకొచ్చిన్రు?" అని అడిగారు.

మంగ్లి లేచి నిలబడింది. "లెక్కకే వచ్చినం సారూ. మమ్ముల గూడ కలుపున్రి."

"అమ్మా, గిది పిల్లల లెక్క."

"మాకు రాసుడు రాదు, సదువుడు రాదు. ఒకటో తరగతిల కూసోవెట్టున్రి. పత్తి లేని దినాల వస్తం, ఆన పడ్డ దినాల వస్తం. పత్తికి పోయిన దినం గైర్హాజరు రాసుకోన్రి. ఇద్దరు తక్కువున్నరని జెప్పి మా బడిని వాగు అవుతలికి గొంచవోకున్రి. గీ పోరగాండ్లు రోడ్డు మీద ఉప్పు కారం తిని సదివిన్రు. గది మీ లెక్కల యాడుంటది?"

అధికారి పెన్ను మూత పెట్టారు. ఏమీ రాయలేదు. "సోమవారం మల్ల వస్త. గా లెక్కనే రాస్త. అప్పటిదాక ఎంతమందిని తెచ్చుకుంటరో తెచ్చుకోన్రి" అని లేచారు. అధికారుల్లో మంచివాళ్లు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆయన పోయాక నేను మంగ్లి చేతులు పట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. "నా కోసం కూలి ఇడుసుకున్నవ్ చెల్లె" అన్నాను.

ఆమె చేతులు విడిపించుకుంది. "నీ కోసం ఎందుకు జేస్త టీచరమ్మా? నువ్వు రేపు బదిలీ అయిపోతవ్. బడి మాది."

నా ఉద్యోగంలో ఎవరూ నా చోటేదో నాకు ఇంత సూటిగా ఒక్క మాటతో చెప్పలేదు. ఆమె అన్నది నిజమే. నేను ఆ తండాకు వచ్చిపోయే మనిషిని. బడి నాది అనుకున్నన్నాళ్లూ దాన్ని నేనొక్కదాన్నే మోయాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మంగ్లి లచ్చిరాం ఫోన్లోంచి మేస్త్రీకి ఫోన్ చేసింది. వాళ్ల భాషలో ఏం తిట్టిందో నాకు పూర్తిగా అర్థం కాలేదు, యాదగిరి సారు మాత్రం బయటికి పోయి నవ్వుకున్నాడు. ఆదివారం పొద్దుగూకే వేళకు మూడు కుటుంబాల పిల్లలూ ఒక డీసీఎం వ్యానులో తండాకు చేరారు. పెద్దవాళ్లు తిరిగొచ్చేదాకా వాళ్లను గుంపులోని ఆడవాళ్లు తమ ఇళ్లల్లో ఉంచుకున్నారు. తాతల ఊళ్లకు పోయినవాళ్లనూ ఎవరో తోలుకొచ్చారు. సోమవారం అధికారి వచ్చి లెక్కపెట్టి, చాయ్ తాగకుండా సంతకం చేసి పోయారు. ఇరవై దాటి ఇంకా నలుగురున్నారు.

మంగ్లి ఆ సోమవారం రాలేదు. ఇద్దరు పిల్లల్ని బడికి తోలి, పత్తికి పోయింది.